మధ్యలోకి వచ్చే బంతి

మెరిడియన్, మిసిసిపీ
8 నవంబర్ 1987

బావకు,

నిన్న ఆట అయ్యాక నీతో నాలుగు మాటలైనా మాట్లాడకుండా వెళ్ళిపోయానని అక్క తిట్టుకునే ఉంటుంది. నాలాగే కుర్రాళ్ళను ఏరడానికి వచ్చిన ఇంకో రెండు జట్ల స్కౌట్లు నా పక్కనే కూర్చున్నారు. ఆ కాలేజీ కోచ్‌వైన నువ్వు నాకు బావవని తెలిస్తే నేను ఏం రాసినా నమ్మరు. ఫోన్ చెయ్యనిదీ అందుకే. ఈ మోటల్లో గోడకు అవతల పడుకునేది వాళ్ళే.

ఇక అసలు సంగతి. ఈ ఏడు మా ఫుట్‌బాల్ జట్టు కోసం నా అయిదు రాష్ట్రాల్లో, విసిరిన బంతిని పట్టి పరిగెత్తే రిసీవర్లను ముప్పై ఒక్క మందిని చూశాను. అలబామాలో ఒకడు గాలిలా పరిగెడతాడు, చేతులు మాత్రం పీటచెక్కలు. లూసియానాలో ఒకడు పిడుగు పడుతున్నా బంతి వదలడు, కానీ వాణ్ణి నేనైనా పరిగెత్తి పట్టుకోగలను. మీ డెల్మార్ ఫాంట్రాయ్‌కి రెండూ ఉన్నాయి. భుజం మీదుగా వచ్చే బంతిని వాడు తల వెనక్కి వాల్చకుండానే చూస్తాడు. అడ్డుకునే డిఫెండరుకు వాడి చేతులు కనబడేది బంతి వాటిల్లో వాలాకే. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, తనకు బంతి రానప్పుడు కూడా చివరిదాకా పరిగెత్తాడు. చిన్న కాలేజీల్లో ఇలాంటివాడు పదేళ్ళకొకడు దొరుకుతాడు.

ఒక్కటే అర్థం కాలేదు. మైదానం అంచుల్లో పులిలా ఉన్నవాడు మధ్యలోకి వచ్చిన మూడు బంతులకూ చేతులు ముడుచుకున్నాడు. మధ్యలో దెబ్బలు తగులుతాయి, నిజమే. భయమా? సెప్టెంబరు ఆటల్లో అలా లేదే. అక్టోబరు పదిన డెల్టా వ్యాలీ కాలేజీతో ఆడిన ఆట రీలు నాకు పంపు. ఆ మార్పు ఎక్కడ మొదలైందో చూస్తాను.

మా స్కౌట్ల పెద్ద హాల్వర్సన్ నా మీద కన్నేసి ఉంచాడు. పోయినేడు నేను పోట్లాడి జట్టులోకి తీసుకున్న రిసీవర్ ఆగస్టులోనే ఇంటికి పోయాడు కదా. ఈసారి నా మాట తప్పితే నా బ్యాగు కూడా సర్దుకోవలసిందే.

అక్కను అడిగానని చెప్పు.

లూషస్


హార్లన్ బ్లఫ్, మిసిసిపీ
16 నవంబర్ 1987

బావమరిదికి,

మా పెళ్ళిలో కేకు పళ్ళెం జారవిడిచినవాడివి నువ్వా, మావాడి చేతుల గురించి మాట్లాడేది! మీ అక్క ఎర్నెస్టీన్ నీ ఉత్తరం చదివి రెండు రోజులుగా నవ్వుతూనే ఉంది.

డెల్మార్‌కి భయమేమిటి? వాడి బొటనవేలు బెణికింది, అంతే. వాళ్ళమ్మ ఒపాలీన్ జెల్ల చేపల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా చేపలు కోస్తోంది. వీడు వేసవి సెలవుల్లో అక్కడే తొట్టెల్లోంచి బతికున్న చేపల్ని ఎత్తిపోసేవాడు. పట్టు ఒక్క వేలెడు తప్పితే ముల్లు అరచేతిలో దిగుతుంది. ఆ చేతులు అలా తయారయ్యాయి. నేను నేర్పిందల్లా కాళ్ళు ఎక్కడ పెట్టాలో మాత్రమే.

అక్టోబరు పది రీలు అడిగావు. అది ప్రొజెక్టరులో ఇరుక్కుని కాలిపోయింది. మిగతా ఏడూ పంపుతున్నాను.

లూషస్, నేను ఈ కాలేజీలో రిసీవరుగా ఆడిన నాలుగేళ్ళలో ఒక్క స్కౌటు కూడా మా మైదానం గేటు దాటి రాలేదు. నల్లవాళ్ళ కాలేజీ ఎక్కడుందో కూడా వాళ్ళకు తెలియదు. నేను ఎంత వేగంగా పరిగెత్తేవాణ్ణో చెప్పడానికి ఇప్పుడు సాక్షి మీ అక్క ఒక్కతే. ఆవిడ మాట ఏ జట్టు నమ్ముతుంది? డెల్మార్‌ను చూడటానికి ఈ ఏడాది పదకొండు మంది వచ్చారు. వాళ్ళు గేటు తోసుకుని వస్తుంటే నేను ఎక్కడ నిలబడాలో తెలియక నీళ్ళ పీపా పక్కన నిలబడ్డాను.

వాడి గురించి మంచిగా రాయి.

అలన్జో


బర్మింగ్‌హామ్, అలబామా
6 డిసెంబర్ 1987

బావకు,

ఏడు రీళ్ళూ చూశాను. నువ్వు కోప్పడతావని తెలిసే, నా రిపోర్టులో ఏం రాశానో నేనే చెబుతున్నాను. వేరే ఎవరి నోటో వినడం కంటే అదే మేలు.

వేగానికి తొమ్మిది. చేతులకు తొమ్మిది. మలుపు తిరిగేటప్పుడు నడుము వాలే తీరుకు ఎనిమిది. ఇంతదాకా నాకే గర్వంగా ఉంది. చివరి గడిలో మాత్రం ఇలా రాశాను: "అక్టోబరు నడిమి నుంచి మైదానం మధ్యలోకి వెళ్ళడానికి జంకుతున్నాడు. దెబ్బ తప్పించుకోవడానికి బంతి వదిలేస్తున్నాడు."

హాల్వర్సన్ అది చదివి గోడ మీద రెండో వరసలో ఉన్న డెల్మార్ కార్డు పీకి అయిదో వరసలో గుచ్చాడు. "చేతులు నేర్పొచ్చు, గుండెను నేర్పలేం," అన్నాడు. ఏప్రిల్ ఇరవై నాలుగున డ్రాఫ్ట్. ఇరవై ఎనిమిది జట్లు వంతులవారీగా కుర్రాళ్ళను ఏరుకునేటప్పుడు రెండో వరసకూ అయిదో వరసకూ ఎంత తేడానో నీకు చెప్పక్కర్లేదు.

బొటనవేలి మాట నమ్మాలనే ఉంది. కానీ వేలు నొప్పయితే అంచుల్లో వచ్చిన బంతి కూడా నొప్పిగానే ఉండాలి కదా.

ఇంకా దారి మూసుకోలేదులే. డెల్టా వ్యాలీ కోచ్ నాకు పాత పరిచయం. ఆ ఆట వాళ్ళ కెమెరాలోనూ ఉంటుంది. తమ రీలు పంపుతానన్నాడు. అందులో వాడికి మేలు చేసేది ఏదైనా కనబడితే రిపోర్టు మారుస్తాను.

లూషస్


హార్లన్ బ్లఫ్
11 డిసెంబర్ 1987

లూషస్,

జంకుతాడా? ఎవడు? గేటు దగ్గర కూర్చుని కాగితం మీద అంకెలు వేసే నీకు జంకు అంటే ఏమిటో తెలుసా? గడ్డి మీద అలా పడిపోయి, మళ్ళీ లేచి, వారం తిరక్కుండా తొమ్మిది బంతులు పట్టినవాణ్ణి పిరికివాడని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఆ గడి కొట్టెయ్యి. మన వాళ్ళ కుర్రాడని కాదు, అది అబద్ధం కాబట్టి.

ఇంకో మాట. పరాయి కాలేజీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి రీలు అడుక్కోవడం ఏమిటి? నా మాట చాలదా నీకు? అది అక్కర్లేదని వాళ్ళకు రాసెయ్యి.

అలన్జో


మోబీల్, అలబామా
14 జనవరి 1988

బావకు,

ఇక్కడ సీనియర్ల ప్రదర్శన ఆటకు దేశంలోని స్కౌట్లందరూ చేరారు. పొద్దున్నంతా వానలో నిలబడి రిసీవర్లను చూశాను. ఏం చూశానో అడిగితే చెప్పలేను.

రీలు క్రిస్మస్‌కి ముందే వచ్చింది. అప్పటినుంచీ ఉత్తరం మొదలుపెడుతున్నాను, చింపేస్తున్నాను.

ఆట మూడో భాగంలో, ఇంకా ఆరు నిమిషాలున్నాయనగా, మధ్యలోకి బంతి వచ్చింది. డెల్మార్ దానికోసం పైకి లేచాడు. జంకలేదు. రెండు చేతులూ పూర్తిగా చాచాడు. అవతలివాడి హెల్మెట్ వాడి మెడ కింద తగిలింది. పడ్డాడు. బంతి పక్కకు దొర్లింది, వాడు దానివైపు చూడను కూడా లేదు. గడియారం పెట్టి లెక్కపెట్టాను బావా. యాభై రెండు సెకన్లు వాడి చేతులు కదల్లేదు, కాళ్ళు కదల్లేదు. తర్వాత కెమెరా ఆపేశారు. మళ్ళీ మొదలయ్యేసరికి వాడు బెంచీ మీద ఉన్నాడు.

ఆ యాభై రెండు సెకన్లూ నువ్వు వాడి పక్కన మోకాళ్ళ మీద ఉన్నావు. వాడు నీతో ఏదో అన్నాడు. నువ్వు జవాబు చెప్పావు.

ఏమన్నాడు?

లూషస్


హార్లన్ బ్లఫ్
7 ఫిబ్రవరి 1988

లూషస్‌కి,

మూడు వారాలు నీ ఉత్తరం నా ఆట పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. ఎర్నెస్టీన్‌కు చూపించలేదు. ఇవాళ చర్చిలో నా పక్కన కూర్చుని, "ఏమయింది నీకు? మూడు పాటల నుంచీ ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నావ్," అంది. ఇంటికి వచ్చాక చెప్పాను. నీకంటే ముందు ఆవిడకు చెప్పడమే కష్టమైంది.

వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. "కోచ్, నా చేతులెక్కడ?" అన్నాడు.

"నీ ఛాతీ మీదే ఉన్నాయిరా."

"పట్టుకోండి కోచ్. అవి ఎక్కడున్నాయో తెలియాలి నాకు."

అప్పటికే రెండూ పట్టుకుని ఉన్నాను లూషస్. గట్టిగా పట్టుకుని ఉన్నాను. వాడికి తెలియలేదు.

రెండు నిమిషాలయ్యాక మొదట వేళ్ళు కదిలాయి, తర్వాత కాళ్ళు. లేచి తనే నడిచాడు. మా కాలేజీకి డాక్టరు లేడని నీకు తెలుసు. చేతులకు నూనె రాసే ముసలాయన ఒకడున్నాడు, ఆయన దెబ్బకు కుర్రాడికి ఊపిరి ఆగినట్టయింది, అంతే అన్నాడు. బస్సులో డెల్మార్ నా పక్కన కూర్చుని, "అమ్మకు చెప్పొద్దు కోచ్. ఎవరికీ చెప్పొద్దు. ఇంకో అయిదు ఆటలు," అన్నాడు. సరేనన్నాను. పదకొండు మంది స్కౌట్లు గేటు దాటి వచ్చిన ఏడు కదా. సరేనన్నాను.

ఆ వారంలోనే ప్రాక్టీసులో ఇంకోసారి అయింది. ఈసారి ఎడమ చెయ్యి ఒక్కటే, పది సెకన్లు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఆటలోంచి తీసేస్తే అందరూ కారణం అడుగుతారు. అందుకని వాడితో చెప్పాను, మధ్యలోకి బంతి వస్తే చేతులు ముడుచుకో, వదిలెయ్, అని.

నువ్వు రాసిన జంకు నేను నేర్పింది. వాడికి అది చేతకాలేదు కూడా. చేతులు ముడిచిన ప్రతిసారీ నా వైపు చూసేవాడు, మిమ్మల్ని తిట్టలేక ఊరుకుంటున్నా అన్నట్టు.

నీ చేతిలో ఆ రీలు ఉంది. కాల్చెయ్యమని అడగడానికి సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

అలన్జో


జాక్సన్, మిసిసిపీ
20 మార్చి 1988

బావకు,

బుధవారం మీ మైదానంలో పరుగు పరీక్షకు వచ్చిన స్కౌట్లందరి ముందూ నిన్ను "కోచ్ గారూ" అని పిలిచి, చెయ్యి కలిపి, ఇంటికి రాకుండా వచ్చేశాను. అక్క వంటింటి కిటికీలోంచి నా కారును చూసి ఉంటుంది.

డెల్మార్ నలభై గజాలు నాలుగు పాయింట్ మూడు తొమ్మిది సెకన్లలో పరిగెత్తాడు. నా స్టాప్‌వాచ్ తప్పేమోనని పక్కవాడిది చూశాను. హాల్వర్సన్ తన కళ్ళతో చూశాడు. కారెక్కగానే, "వీణ్ణి మళ్ళీ రెండో వరసలో పెట్టు. జంకు సంగతి మా రిసీవర్ల కోచ్ చూసుకుంటాడు. శిబిరంలో మొదటి రోజు నుంచీ మధ్యలోకే పంపిస్తాం. పది దెబ్బలు తింటే అదే పోతుంది," అన్నాడు.

నేను రాసిన ఒక్క ముక్కే ఆ కుర్రాణ్ణి అక్కడికి తోస్తోంది.

రీలు కాల్చలేదు. కాల్చను. ఏప్రిల్ మొదటివారం దాటకుండా వాణ్ణి జాక్సన్‌లో వెన్నెముక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఏమీ లేదని డాక్టరు అంటే నేను మోకాళ్ళ మీద పడి ఇద్దరికీ క్షమాపణ చెబుతాను. నువ్వు తీసుకెళ్ళకపోతే చూసింది చూసినట్టు హాల్వర్సన్‌కు చెప్పేస్తాను. నీ పేరుతో సహా.

ఇలా రాయవలసి వస్తుందనుకోలేదు.

లూషస్


హార్లన్ బ్లఫ్
3 ఏప్రిల్ 1988, ఈస్టర్ ఆదివారం

లూషస్‌కి,

డెల్మార్‌ను అడిగితే రానన్నాడు. "డాక్టరు చూడకపోతే ఏమీ లేనట్టే కోచ్," అన్నాడు. అందుకని ఒపాలీన్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ అప్పుడే పని నుంచి వచ్చి, రబ్బరు బూట్లు విప్పుకుంటోంది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. డ్రాఫ్ట్ కబురు తెచ్చాననుకుంది.

చెప్పాను. అంతా చెప్పాను. ఒక బూటు కాలికే ఉంది, ఇంకోటి చేతిలో ఉంది.

"అక్టోబరా?" అంది.

"అక్టోబరే అమ్మా."

"నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి మీరు నా ఇంట్లో తిన్నారు కోచ్ గారూ. నా కొడుకు పక్కన కూర్చుని, రెండోసారి కూర అడిగి మరీ తిన్నారు. అప్పటికే తెలుసు మీకు."

"తెలుసమ్మా."

"నా బిడ్డ చేతులు పోతే ఎవరు తినిపిస్తారనుకున్నారు? మీరా?"

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు పనికి సెలవు పెట్టి తనే జాక్సన్ తీసుకెళ్ళింది. నన్ను కారెక్కనివ్వలేదు. సాయంత్రం ఎర్నెస్టీన్‌కు ఫోన్ చేసి చెప్పింది. మెడలో నరాల దారి పుట్టుకతోనే ఇరుకట. దెబ్బ సరిగ్గా తగిలితే ఇక లేవడన్నాడట డాక్టరు. అది రేపటి దెబ్బ కావచ్చు, పదేళ్ళ తర్వాతి దెబ్బ కావచ్చు.

డెల్మార్ మారలేదు. "నాకు ఇరవై రెండేళ్ళు. ఈ కాగితం నాది. ఎవరికీ చూపించను," అన్నాడట వాళ్ళమ్మతో. ఇవాళ చర్చి మెట్ల మీద ఎదురైతే నా పక్కనుంచి, నేనక్కడ లేనట్టు, దిగిపోయాడు.

నువ్వు చెప్పదలచుకున్నది చెప్పు. ఇక ఆపను.

అలన్జో


ప్రయాణంలో, మెంఫిస్
8 ఏప్రిల్ 1988

బావకు,

నిన్న హాల్వర్సన్‌కు రీలు చూపించాను. లైటు వేసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"కోచ్‌కి, వాళ్ళమ్మకి, ఒక డాక్టరుకి."

"జట్లలో?"

"మన జట్టుకే."

"మంచి పని చేశావు లూషస్," అన్నాడు. నా భుజం తట్టాడు. ఈ ఉద్యోగంలో ఎనిమిదేళ్ళలో మొదటిసారి. "మిగతా వాళ్ళు పిరికివాడనే అనుకుంటున్నారు. చివరి రౌండ్లదాకా ఉంటాడు. అప్పుడు తీసుకుందాం. అన్నీ తెలిసే ఆడుతున్నానని వాడి చేత సంతకం పెట్టించుకుంటే సరి. ఆ వేగంతో ఒక్క ఏడాది ఆడినా మనకు లాభమే."

"ఆ ఒక్క ఏడాదిలో మెడ విరిగితే?" అన్నాను.

"చిట్టచివరి పన్నెండో రౌండు కుర్రాడయ్యా," అన్నాడు. అంతే. రీలు తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

నిజం చెప్పేస్తే నా బరువు దిగిపోతుందనుకున్నాను. ఇప్పుడు వాళ్ళకు ఆ నిజమే లాభంగా మారింది. సంతకం అడిగితే డెల్మార్ కలం లాక్కుని మరీ పెడతాడు.

బయటి జట్లకు నేను చెప్పడానికి లేదు, ఒప్పందంలో ఉంది. చెబితే ఇక ఏ జట్టూ నన్ను గడప తొక్కనివ్వదు. ఇది సాకు అని తెలుసు. సాకుగానే రాస్తున్నాను. డాక్టరు కాగితం డెల్మార్‌ది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కానీ మైదానంలో జరిగింది నీది. నువ్వు చూశావు, నువ్వు దాచావు. అది చెప్పే హక్కు నీకుంది.

అలా చేస్తే నీకు ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే అడగలేకపోతున్నాను.

లూషస్


హార్లన్ బ్లఫ్
12 ఏప్రిల్ 1988

లూషస్‌కి,

ఇవాళ పొద్దున ఇరవై ఎనిమిది జట్లకూ తలా ఒక ఉత్తరం పోస్టు చేశాను. నేను చెబుతుంటే మీ అక్క టైపు చేసింది. ఆరో ఉత్తరం దగ్గర నన్ను ఆపేసి, "ఇక నువ్వు చెప్పక్కర్లేదు, నాకు నోటికొచ్చేసింది," అంది.

నకలు పెట్టడం లేదు. అందులో నాలుగు వాక్యాలే. అక్టోబరు పదిన ఏమయింది, ఆ వారం ప్రాక్టీసులో ఏమయింది. దాన్ని దాచింది నేను. చేతులు ముడుచుకోమని చెప్పింది నేను. డెల్మార్ ఫాంట్రాయ్ నా జీవితంలో నేను చూసిన రిసీవర్లందరిలోకీ ధైర్యవంతుడు.

నీ పేరు ఎక్కడా లేదు. పోస్టు చేసే ముందే డెల్మార్ ఇంటికి వెళ్ళి వాడికి చదివి వినిపించాను. మొత్తం విని తలుపు వేసుకున్నాడు. తర్వాత కాలేజీ ప్రెసిడెంటుకు రాజీనామా ఇచ్చాను. ఆయన వద్దనలేదు.

అలన్జో


బర్మింగ్‌హామ్
26 ఏప్రిల్ 1988

బావకు,

నిన్నటితో డ్రాఫ్ట్ ముగిసింది. పన్నెండు రౌండ్లలోనూ డెల్మార్ పేరు ఎవరూ పిలవలేదు. నువ్వు పత్రికలో చూసే ఉంటావు. అయినా గదిలో ఏం జరిగిందో నీకు తెలియాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజే హాల్వర్సన్ దాన్ని నా మొహం మీద ఊపాడు. "అలన్జో బీచమ్. ఈయన నీకేమవుతాడు?" అని అడిగాడు. బావ అని చెప్పాను. ఎనిమిదేళ్ళు దాచిన మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. డ్రాఫ్ట్ అయ్యేదాకా ఉండి తర్వాత వెళ్ళిపొమ్మన్నాడు.

పన్నెండో రౌండులో మా వంతు వచ్చినప్పుడు కూడా డెల్మార్ కార్డు గోడ మీదే ఉంది. హాల్వర్సన్ దాని మీద వేలు పెట్టాడు. నిజంగానే పెట్టాడు. మా జట్టు డాక్టరు లేచి, "ఇప్పుడిది అన్ని జట్లకూ తెలుసు. తెలిసీ తీసుకున్నారంటారు. నేను సంతకం చెయ్యను," అన్నాడు. అది దయ కాదు, పరువు. ఏదైతేనేం, కార్డు దిగింది. బంతి తన్నే కిక్కరును ఎవణ్ణో ఒకణ్ణి తీసుకున్నాం.

నేను బల్ల ఖాళీ చేసి బయటికొచ్చి కారులో కూర్చున్నాను. ఎటు వెళ్ళాలో తోచలేదు. ఆ పొద్దంతా వాడు ఫోను పక్కన కూర్చుని ఉంటాడని, అది మోగకూడదని నేనే కోరుకున్నానని పదేపదే గుర్తొచ్చింది.

వచ్చే వారం మీ ఇంటికి వస్తాను. అక్క తలుపు తీస్తుందా?

లూషస్


హార్లన్ బ్లఫ్
17 జూలై 1988

లూషస్‌కి,

నువ్వు వెళ్ళిన తర్వాత ఇక్కడ జరిగింది రాయాలి. హైస్కూల్లో నీ కొత్త పని సంగతి ఎర్నెస్టీన్ చెప్పింది. పిల్లలు నీ మాట వింటే నాకు ఆశ్చర్యమే.

పది రోజుల కిందట డెల్మార్‌ను కెనడా జట్టొకటి పిలిచింది. మాకెవరికీ చెప్పకుండా బస్సెక్కేశాడు. ఒపాలీన్ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఏప్రిల్ తర్వాత ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదలు. "ఇప్పుడేం చేస్తారు కోచ్ గారూ?" అంది. ఏప్రిల్లో చేసిందే చేశాను. అక్కడున్న అన్ని జట్లకూ మళ్ళీ రాశాను. వాడు వెళ్ళిన జట్టుకు తంతి కూడా ఇచ్చాను.

మొన్న శుక్రవారం సాయంత్రం వాడు సరాసరి బస్సు దిగి మా గుమ్మంలోకి వచ్చాడు. బ్యాగు కింద పడేశాడు.

"కెనడాకి కూడా రాశారా?"

"రాశాను."

"అక్కడ నన్ను మైదానంలో అడుగే పెట్టనివ్వలేదు. సరాసరి ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళారు. మర్నాడే టికెట్ చేతిలో పెట్టారు. ఒక్క బంతి కోచ్. ఒక్క బంతి కూడా పట్టనివ్వలేదు."

వాడి బ్యాగు తీసి గోడకు ఆనించాను.

"ఇంకో దేశం వెళితే అక్కడికీ రాస్తారా?"

"రాస్తాను."

"అక్టోబరులో ఎందుకు రాయలేదు మరి? అప్పుడు నేను అడిగిందల్లా చేశారే! అప్పుడు కాదని ఉంటే మిమ్మల్ని నెల రోజులు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆశ పెట్టి, పెంచి, ఏప్రిల్ దాకా తీసుకొచ్చి ఇప్పుడా?"

"అప్పుడు నాకు నీకంటే ఎక్కువ ఆశ ఉందిరా," అన్నాను. "నీ మెడ మీద పెట్టి నా ఆశ మోయించాను. తప్పు నాది. క్షమించమని అడగను."

"అడిగినా క్షమించను."

"సరే."

వాడు మెట్ల మీద కూలబడి, మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చాడు. వీపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాను. మీ అక్క వచ్చి నన్ను పక్కకు తప్పించి వాడి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక లోపలికి వెళ్ళి పళ్ళెంలో బీన్సు, మొక్కజొన్న రొట్టె పెట్టి తెచ్చింది. "తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా నాయనా, తిను," అంది. తిన్నాడు. నా వైపు చూడకుండా పళ్ళెం ఖాళీ చేశాడు. కారులో దింపుతానంటే వద్దన్నాడు.

వాళ్ళిల్లు ఇక్కడికి మైలున్నర. బ్యాగు భుజాన వేసుకుని, ఇంకా ఏదో గొణుక్కుంటూ, చేతులు విసురుకుంటూ నడిచి వెళ్ళాడు. దారి పొడుగునా నన్నే తిట్టుకుని ఉంటాడు. మలుపు తిరిగేదాకా వాడి కాళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

అలన్జో